ఓడల లెక్క - కూలి లెక్క

(గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుండి కూలి రేట్ల గురించీ, అసైన్డు భూముల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన దేశం పరాయి దేశాలతో చేసే సరుకుల వ్యాపారం గురించి చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. "ఇది మనకెందుకు? ఓడలు మనవా, రేవులు మనవా?" అని వెనక వరసలో కొందరు అనుకోవటం మాకు వినిపించింది. ఓడలు మనవి కావు, నిజమే. కానీ ఆ ఓడలెక్కే సరుకులో మన చెమట ఉంది. తోలులో ఉంది, రొయ్యలో ఉంది, మిరపకాయలో, పొగాకులో, పత్తిలో ఉంది. చెమట మనదైనపుడు లెక్క మనది కాకుండా ఎట్లా పోతుంది? ఇన్నాళ్లూ బస్తా మోసేవాడొకడు, చిట్టా రాసేవాడొకడు. ఇప్పుడు మన వాడల్లో కూడా చదువుకున్న మొదటి తరం వచ్చింది. కాబట్టి ఆ చిట్టా మనమే తెరిచి చూద్దాం.

లెక్క పుస్తకంలో ఏముంది?

ముందుగా మాటలు తెలుసుకుందాం. మన దేశం సరుకు బయటికి అమ్మితే ఎగుమతి. బయటి సరుకు మనం కొంటే దిగుమతి. అమ్మినదానికంటే కొన్నది ఎక్కువైతే లోటు. అమ్మినది ఎక్కువైతే మిగులు. ఇంటి ఖర్చు లెక్క లాంటిదే.

1950-51 లో మన దేశం ఎగుమతి చేసింది 606 కోట్ల రూపాయల సరుకు. దిగుమతి చేసుకున్నది 608 కోట్లు. దాదాపు సరికి సరి. 1990-91 కి వచ్చేసరికి డాలర్లలో చెప్పుకుంటే ఎగుమతి సుమారు 1,810 కోట్ల డాలర్లు, దిగుమతి 2,410 కోట్ల డాలర్లు. 2024-25 లో ఎగుమతి సుమారు 43,700 కోట్ల డాలర్లు, దిగుమతి 72,000 కోట్ల డాలర్లు. అంటే 1990-91 నుండి చూస్తే ఎగుమతి 24 రెట్లు పెరిగింది. పేపర్లలో 'రికార్డు' అని రాసేది దీన్నే. కానీ 2024-25 ఒక్క ఏడాదిలోనే లోటు 28,300 కోట్ల డాలర్లు ఉంది. ఈ సంగతి చిన్న అక్షరాల్లో రాస్తారు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఇన్నేళ్లలో మనకు సరుకుల వ్యాపారంలో మిగులు వచ్చింది రెండే రెండు సంవత్సరాలు: 1972-73, 1976-77. మిగతా అన్నేళ్లూ లోటే.

ఇంకొక లెక్క. ప్రపంచమంతా కలిసి ఎగుమతి చేసే సరుకు 100 రూపాయలనుకోండి. అందులో 1948 లో మన దేశానిది 2 రూపాయల 20 పైసలు. 1980 ల నాటికి అది అర్ధరూపాయికి పడిపోయింది. ఇప్పుడు 1 రూపాయి 80 పైసల దగ్గర ఉంది. 75 ఏళ్లు దాటినా 1948 నాటి వాటా ఇంకా తిరిగి రాలేదు.

ఇవి మొత్తాలు. బడిలో పిల్లలకు మేం ఒక మాట చెబుతుంటాం: మొత్తం చూసి ఆగిపోవద్దు, భాగాలు చూడండి అని. ఈ వ్యాపారం లెక్కలో కూడా అసలు సంగతి భాగాల్లోనే ఉంది.

మిగులున్నా ఆకలి తీరలేదు

లోటు చెడ్డది, మిగులు మంచిది అని బుర్ర ఊపే ముందు చరిత్ర చూడాలి. తెల్లదొరల పాలనలో మన దేశానికి దాదాపు ప్రతి ఏడూ మిగులే. పత్తి, నీలిమందు, గోధుమ, బియ్యం, జనపనార, తోళ్లు ఓడలకెక్కేవి. ఆ మిగులు ఇక్కడ ఉండలేదు. దొరల జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీలు అనే పేరుతో లండన్ పోయింది.

మన తాతలు 'ధాత కరువు' అని చెప్పుకున్నారే, 1876-78 నాటి కరువు, అది బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. ఆ రోజుల్లోనూ ఈ దేశం నుండి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల దగ్గర మగమనిషికి ఇచ్చే ధాన్యాన్ని 1877 లో రోజుకు ఒక పౌనుకు కుదించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రోజంతా రాళ్లు కొట్టినవాడికి ఆ ధాన్యం, పైన ఒక అణా! ఒకవైపు పుస్తకంలో మిగులు, ఇంకోవైపు ఎముకల గుట్టలు. ఆ గుట్టల్లో ఎక్కువ ఎవరివో చెప్పాల్సిన పని లేదు. భూమి లేనివాడు, గాదె లేనివాడు, ఊరి బయట ఉన్నవాడు ముందు పోతాడు.

కాబట్టి దేశానికి మిగులున్నంత మాత్రాన మన కుండలోకి గింజలు రావని మొదటే గుర్తుపెట్టుకోండి.

తెల్లదొర పోయాక

1950 ల మొదట్లో మన ఎగుమతుల్లో సగం పైన మూడే సరుకులు: జనపనార వస్త్రాలు, తేయాకు, నూలు బట్ట. దేశ విభజనతో జనపనార పండే నేలలో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయింది, మిల్లులు కలకత్తాలో మిగిలాయి. తర్వాత ప్లాస్టిక్ సంచులొచ్చి గోనె సంచిని తన్నేశాయి. అన్ని వస్తువులూ మనమే తయారుచేసుకోవాలని కర్మాగారాలు కట్టారు. ఆ ఆలోచన తప్పని మేం అనటం లేదు. కానీ బయట అమ్మటం మీద చూపు తగ్గింది. ప్రపంచ వ్యాపారం పరుగులు పెడుతుంటే మనం నడుస్తూ ఉన్నాం. వాటా పడిపోవటానికి కారణం అది.

తిండిగింజలకూ కటకటే అయింది. 1966 లో దాదాపు కోటి టన్నుల ధాన్యం బయటినుండి తెచ్చుకున్నాం. అందులో ఎక్కువ అమెరికా గోధుమ. అదే ఏడాది జూన్ 6 న రూపాయి విలువ తగ్గించారు. అంతకుముందు డాలరుకు 4 రూపాయల 76 పైసలు. ఆ రోజు నుండి 7 రూపాయల 50 పైసలు.

1991 సంగతి మీకు తెలిసినదే. గల్ఫ్ యుద్ధంతో పెట్రోలు ధర పెరిగింది, గల్ఫ్‌లో మనవాళ్ల పనులు పోయాయి, వాళ్లు పంపే డబ్బు తగ్గింది. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే విదేశీ డబ్బే మిగిలింది. ఆ ఏడాది జులైలో 47 టన్నుల బంగారం ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టారు. పుస్తెలు తాకట్టు పెట్టినట్టే. జులై 1 న ఒకసారి, 3 న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 రూపాయల నుండి సుమారు 26 రూపాయలైంది. 24 న మన్మోహన్ సింగ్ బడ్జెట్‌తో దిగుమతులకు తలుపులు తెరవటం మొదలుపెట్టారు. 1995 జనవరి 1 న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది.

బాబాసాహెబ్ ముందే చెప్పాడు

రూపాయి పడిన ప్రతిసారీ పెద్దమనుషులు ఒక మాట అంటారు: "మంచిదేలే, ఎగుమతులు పెరుగుతాయి." ఈ మాటకు జవాబు వందేళ్ల కిందటే మన బాబాసాహెబ్ ఇచ్చాడు. ఆయన 1923 లో లండన్‌లో అచ్చువేసిన 'రూపాయి సమస్య' అనే పుస్తకం మనలో ఎంతమందికి తెలుసు? అంబేద్కర్ అంటే రాజ్యాంగం అంటారు, రిజర్వేషన్ అంటారు. డబ్బు గురించి ఈ దేశంలో ఆయనంత లోతుగా చదివినవాళ్లు తక్కువ. 1925 లో రాయల్ కమిషన్ ముందు కూర్చుని రూపాయి గురించి సాక్ష్యం చెప్పినవాడు ఆయన.

ఆయన వాదన మన మాటల్లో చెబుతాం. 1873 తర్వాత ప్రపంచంలో వెండి ధర పడుతూ వచ్చింది. మన రూపాయి వెండి రూపాయి కాబట్టి దాని విలువా పడింది. షావుకారు సరుకు బంగారం నడిచే దేశంలో అమ్ముతాడు, కూలి ఇక్కడ రూపాయిల్లో ఇస్తాడు. రూపాయి పడితే అతనికి అదే సరుకు మీద ఎక్కువ రూపాయిలు వస్తాయి. దేశంలో ధరలు పెరుగుతాయి. కూలి మాత్రం ధరలతో పాటు పరుగెత్తదు, వెనక కుంటుకుంటూ వస్తుంది. ఆ ఎడమే షావుకారు లాభం. అది దేశం సంపాదించిన లాభం కాదు, కూలివాడి కంచంలోంచి షావుకారు సంచిలోకి పోయిన ముద్ద అని బాబాసాహెబ్ తేల్చాడు.

1966 లో, 1991 లో, ఇప్పుడు, ఎప్పుడైనా ఈ సూత్రాన్ని పెట్టి చూడండి. రూపాయి పడితే పెట్రోలు, నూనె, ఎరువు అన్నీ ప్రియం. వాటిని డాలర్లు పెట్టి తెస్తారు గదా. ఆటో చార్జీ పెరుగుతుంది, వంట నూనె పెరుగుతుంది. మన కూలి పెరగటానికి మాత్రం సమ్మె కావాలి, తన్నులు తినాలి, కేసులు మోయాలి.

తోలు చెప్పే కథ

ఇప్పుడు భాగాల దగ్గరికి వద్దాం. ముందు తోలు. ఎందుకంటే ఇది మనవాళ్ల చేతులతో నడిచిన వ్యాపారం.

మన మాదిగ వాడల్లో లందలుండేవి. తంగేడు చెక్క వేసి తోలు నానబెట్టి శుద్ధి చేసేవాళ్లు. చెప్పులు, మోట తొండాలు, డప్పులు అన్నీ అక్కణ్ణుంచే. తంగేడు చెక్కతో పదును చేసిన ఈ తోలే మద్రాసు రేవు నుండి ఇంగ్లండ్ పోయేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు మద్రాసు తోలు వాడారు. యూరపు యుద్ధంలో అంటరాని చేతులు చేసిన తోలు పనికొచ్చింది. ఆ చేతులు ఊరి బావిలో చేద వెయ్యటానికి మాత్రం పనికిరాలేదు.

1973 లో కేంద్ర ప్రభుత్వం పచ్చితోలు బయటికి పోకుండా ఆపి, సగం శుద్ధి చేసిన తోలు ఎగుమతికి కళ్లెం వేసింది. బూట్లు, సంచులు ఇక్కడే తయారుచేసి అమ్మాలనేది దాని ఉద్దేశం. అది పనిచేసింది. 1990-91 లో మన మొత్తం ఎగుమతుల్లో 100 రూపాయలకు 8 రూపాయలు తోలు, తోలు వస్తువులవే. ఇప్పుడెంత? 2023-24 లో సుమారు 470 కోట్ల డాలర్లు. అంటే 100 కి ఒక్క రూపాయి. 2014-15 లో సుమారు 650 కోట్ల డాలర్ల దాకా ఎక్కి, అక్కణ్ణుంచి దిగింది. ప్రపంచంలో గుడ్డ బూట్ల వాడకం పెరగటం ఒక కారణం. కరోనా ఒక కారణం. ఇక్కడ పశువుల చుట్టూ అల్లిన భయం కూడా ఒక కారణమే.

2016 జులై 11 న గుజరాత్‌లోని ఊనాలో ఏం జరిగింది? చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. తోలు ఎగుమతైతే విదేశీ డబ్బు తెచ్చిన ఘనత, ఒలిచినవాడికి ఇనప కడ్డీల దెబ్బలు! 2015 జనవరి 31 న తమిళనాడు రాణిపేటలో తోళ్ల ఫ్యాక్టరీల మురికినీటి ట్యాంకు గోడ కూలి, నిద్రలో ఉన్న 10 మంది కార్మికులు ఆ బురదలో మునిగి చనిపోయారు. ఓడల లెక్కలో ఆ పది మంది ఎక్కడా కనిపించరు.

లంద మనది, గోదాము మనది కాదు. చెయ్యి మనది, ఎగుమతి లైసెన్సు మనది కాదు. పని పోయినపుడు మాత్రం పోయింది మన పనే.

మరి తోలు తగ్గిన చోట ఏమి పెరిగింది? కుట్టిన బట్టలు 1990-91 లో 100 కి 12 రూపాయలుండేవి, 2024-25 లో 4 రూపాయల లోపే. పెట్రోలు ఉత్పత్తులు 1990-91 లో 3 రూపాయలు కూడా లేవు, 2022-23 లో 21 రూపాయలు దాటాయి. ముడి చమురు బయటినుండి తెచ్చి, శుద్ధి చేసి, మళ్లీ బయటికి అమ్మటం అది. సెల్‌ఫోన్లు, యంత్రాలు కూడా పెరిగాయి. పెరగనివ్వండి, మనకేమీ పగ లేదు. కానీ కోటి రూపాయల బూట్లు కుట్టటానికి ఎన్ని చేతులు కావాలి? కోటి రూపాయల పెట్రోలు శుద్ధి చెయ్యటానికి ఎన్ని చేతులు కావాలి? చేతులు ఎక్కువ కావలసిన సరుకు వాటా తగ్గి, చేతులు తక్కువ చాలే సరుకు వాటా పెరిగింది. ముప్ఫై ఏళ్ల ఎగుమతి లెక్కలో మనకు పట్టే మార్పు ఇదే.

నూనె చెప్పే కథ

దిగుమతి వైపు చూద్దాం. 1986 లో నూనెగింజల కోసం ఒక మిషన్ పెట్టారు. 1990 ల మొదటికి వంట నూనెలో దేశం దాదాపు తన కాళ్ల మీద నిలబడింది. అనంతపురం చెనిక్కాయకు అప్పుడు విలువ ఉంది. 1994 లో పామాయిల్ దిగుమతికి తలుపు తీశారు. సుంకం 65 శాతం పెట్టారు. 1998 నాటికి దాన్ని 15 శాతానికి దించారు. మలేషియా, ఇండోనేషియా నూనె వరదలా వచ్చింది. ఇప్పుడు దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా బయటిదే, ఏటా 150 లక్షల టన్నులకు పైన.

"ప్రపంచ వాణిజ్య సంస్థ చెప్పింది, మేమేం చేస్తాం" అంటారు. ఇది పచ్చి అబద్ధం. ఆ సంస్థలో మన దేశం రాసిచ్చిన కాగితం ప్రకారం పామాయిల్ మీద సుంకం 300 శాతం దాకా వేసుకోవచ్చు. 15 కి దించమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఢిల్లీలో కూర్చుని దించారు.

ఇక్కడ నిజాయితీగా రెండోవైపు కూడా చెప్పాలి. నూనె చౌకైతే కూలి ఇంట్లో కూరకు తిరగమోత పడుతుంది. మనం కొనేవాళ్లం కూడా గదా! కానీ వేరుశనగ ధర లేక సాగు తగ్గితే కలుపు తీసే పని, కాయ పీకే పని, కాయ వలిచే పని పోతుంది. పని పోయినవాడికి నూనె చౌకైనా కొనటానికి డబ్బేది? రైతు సంఘం వాళ్లు ధర గురించి మాట్లాడతారు, పట్నంవాళ్లు చౌక గురించి మాట్లాడతారు. పోయిన పనిదినాల గురించి మాట్లాడాల్సింది మనమే.

రొయ్య చెప్పే కథ

కోస్తా వాళ్లకు ఇది కొత్త కాదు. 1990 లలో టైగర్ రొయ్య వచ్చింది, వరి చేలు చెరువులయ్యాయి, తాగే నీళ్లు ఉప్పగా మారాయి. 1996 డిసెంబరు 11 న సుప్రీంకోర్టు తీరం వెంట ఉన్న రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పిచ్చింది. తర్వాత తెల్లమచ్చ తెగులు, ఆ తర్వాత 2009 నుండి వనామి. 2023-24 లో దేశం 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. మూడింట రెండు వంతుల డబ్బు రొయ్యదే. దేశంలో చెరువుల్లో పెరిగే రొయ్యలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌ది. బరువు లెక్కన ఆ ఏడాది మన రొయ్యలో 40 శాతం పైన కొన్నది ఒక్క అమెరికానే.

ఒక్క గుమ్మం మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 లో చూశాం. ఆగస్టు 7 న అమెరికా మన సరుకు మీద 25 శాతం అదనపు సుంకం వేసింది, 27 న దాన్ని 50 చేసింది. సుంకాలు రేపు మారొచ్చు, ఎల్లుండి ఇంకోటి రావొచ్చు. కానీ ఆ దెబ్బ దిగే మెట్లు మాత్రం మారవు. అక్కడ కొనేవాడు ఎగుమతిదారు మీదకి తోస్తాడు, ఎగుమతిదారు కౌంటు ధర తగ్గించి చెరువు రైతు మీదకి తోస్తాడు, రైతు చెరువు కాపలావాడి మీదకి తోస్తాడు. షెడ్డులో మంచుగడ్డల మధ్య నిలబడి, వేళ్లు నాని పోయేదాకా తలలు తీసి తొక్క వలిచే అక్కచెల్లెళ్లకు "రేపు రావద్దు" అని చెబుతారు. వాళ్లు ఇంకెవరి మీదకి తొయ్యాలి? వాళ్ల కింద మెట్టు లేదు. ధర పెరిగిన రోజున కిలోకి వలుపు కూలి పెరగదు. ధర పడిన రోజునే పని పడిపోతుంది.

లోటు పూడ్చేది ఎవరు?

ఏటా ఇంత లోటు ఉంటే దేశం ఎట్లా నిలబడుతోంది అని మీరు అడగాలి. కంప్యూటరు సేవల వంటివి అమ్మగా వచ్చే డబ్బు ఒకటి. పరాయి దేశాల్లో ఉన్న మనవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఒకటి. 2024-25 లో అట్లా వచ్చింది 13,000 కోట్ల డాలర్లకు పైనే, అంటే సరుకుల లోటులో దాదాపు సగం. రిజర్వు బ్యాంకు 2023-24 లెక్కలో ఆ డబ్బులో సుమారు 38 శాతం గల్ఫ్ దేశాలది. కరీంనగర్, నిజామాబాద్ నుండి దుబాయి పోయి ఎండలో ఇనుము కట్టేవాడు, కడప నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ పోయి పరాయి ఇంట్లో అంట్లు తోమే తల్లి, వీళ్లు ఈ దేశపు అప్పు తీరుస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది మన బహుజనులే. శవం పెట్టెలో తిరిగొస్తే విమానాశ్రయం నుండి ఊరికి తెచ్చుకోవటానికి మాత్రం మనం చందాలు వేసుకోవాలి.

మరి మనం ఏం చెయ్యాలి?

వ్యాపారం వద్దని మనం అనటం లేదు. తలుపులన్నీ మూసిన రోజుల్లోనూ మనం ఊరి బయటే ఉన్నాం, తెరిచిన రోజుల్లోనూ ఊరి బయటే ఉన్నాం. 'స్వదేశీ' అని అరిచే భూస్వామి ఎరువుల కొట్టు, రొయ్యల చెరువు రెండూ నడుపుతాడు. వాళ్ల జెండా మనం మొయ్యనక్కర లేదు. మన ప్రశ్నలు మనకుండాలి. ఎగుమతి పెరిగిందని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ సరుకు పెరిగింది? అందులో ఎన్ని చేతులకు పని ఉంది? ధర పెరిగితే ఆ చేతులకు ఎంత వచ్చింది?

కార్యకర్తలకు మూడు పనులు చెబుతాం.

ఒకటి. ప్రతి ఊళ్లో ఒక నోటుబుక్కు పెట్టండి. మన ఊరి నుండి బయటికి పోయే సరుకేంది, ఈ ఏడు ధరెంత, కూలి ఎంత, బియ్యం, నూనె ధరెంత, నాలుగు గళ్లు గీసి రాయండి. పదో తరగతి పిల్లలు చాలు ఈ పనికి. ఐదేళ్ల లెక్క పక్కపక్కన పెడితే బాబాసాహెబ్ చెప్పిన ఎడం ఎంతుందో మీ కళ్లకే కనిపిస్తుంది. బేరానికి కూర్చున్న రోజున ఆ పుస్తకం మీ చేతిలో ఉండాలి.

రెండు. షెడ్డులో, తోళ్ల ఫ్యాక్టరీలో, మిర్చి గోదాములో పనిచేసేవాళ్ల పేర్లు హాజరు పట్టీలో ఉన్నాయా, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా, కనీస వేతనంలో ధరలతో పాటు పెరగాల్సిన కరువు భత్యం కలుపుతున్నారా, ఇవి అడగండి. పట్టీలో పేరు లేనివాడు పని పోయిన రోజున ఎవరికీ కనపడడు.

మూడు. తోలు పనిని మురికి పని అని మనమే వదిలేసి, లాభం ఉన్న భాగాన్ని వేరేవాళ్లకి అప్పజెప్పొద్దు. డిజైను, యంత్రం, బ్యాంకు అప్పు, ఎగుమతి లైసెన్సు, వీటిలో మన పిల్లలకు వాటా కావాలి. తోలు ఒలిచినవాడి మీద చెయ్యెత్తినవాడిని చట్టం ముందు నిలబెట్టాలి. ఈ రెండు డిమాండ్లూ కలిపే అడగాలి.

ప్రభుత్వాలు ప్రతి నెలా ఈ దేశపు ఎగుమతి, దిగుమతి లెక్కలు ప్రకటిస్తూనే ఉంటాయి. అందులో టన్నులుంటాయి, డాలర్లుంటాయి, రేవుల పేర్లుంటాయి. కూలి గడి మాత్రం ఉండదు. ఆ గడి గీయటం మన పని. వచ్చే తరగతికి వచ్చేటప్పుడు ప్రతి ఊరి నోటుబుక్కూ ఇక్కడికి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.

జై భీమ్!